చూసింది చూసినట్టు రాసిన హకీం అలీ ఇబ్నె రిజ్వాన్

హిజ్రీ శకం 396. షాబాన్ నెల మొదలవుతున్న రాత్రి. అది జుమా రాత్రి, అంటే గురువారం సూర్యాస్తమయం తరువాత వచ్చే రాత్రి. ఆ రాత్రి బగ్దాదు ప్రజలకు ఆకాశంలో ఒక వింత కనిపించింది. ఇరాక్ ఖిబ్లాకు ఎడమ పక్కన, దక్షిణ దిక్కున, అంతకు ముందెన్నడూ లేని పెద్ద నక్షత్రం ఒకటి వెలుగుతోంది. చూడటానికి శుక్రగ్రహంలా ఉంది. దాని కిరణాలు వెన్నెలలాగా నేలమీద పరుచుకున్నాయి. జిల్ ఖాదా నెల మధ్య వరకు అది కనిపించి, తరువాత మాయమైంది. తదుపరి కాలపు చరిత్రకారుడు ఇబ్నుల్ జౌజీ (రహ్మ) తన చరిత్ర గ్రంథంలో ఈ సంగతి నమోదు చేశారు.

క్రీస్తు శకం లెక్కన అది 1006వ సంవత్సరం, మే నెల ప్రారంభం. ఆ నక్షత్రాన్ని యెమెన్‌లో చూశారు, చైనాలో చూశారు, జపాన్‌లో చూశారు. స్విట్జర్లాండులోని ఒక క్రైస్తవ మఠంలో ఉన్న సన్యాసులూ చూశారు. వేలాది మంది చూసి ఆశ్చర్యపోయారు, భయపడ్డారు, మరచిపోయారు. కాని ఈజిప్టులో ఒక పేద యువకుడు దానిని చూసి, లెక్క కట్టి, గుర్తుంచుకున్నాడు. పెద్దవాడై పేరుపొందిన తరువాత చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టాడు. సుమారు తొమ్మిదిన్నర శతాబ్దాల తరువాత శాస్త్రవేత్తలకు ఆ కొద్ది వాక్యాలే దారి చూపాయి. ఆ యువకుడే తరువాతి కాలంలో కైరో నగరపు పెద్ద హకీం అయిన అలీ ఇబ్నె రిజ్వాన్. ఆయన జీవితాన్ని ఈ శుక్రవారం పాఠకుల ముందుంచుతున్నాము.

రొట్టెల భట్టీ నుంచి పుస్తకాల దాకా

అలీ ఇబ్నె రిజ్వాన్ క్రీ.శ. 988 ప్రాంతంలో పిరమిడ్లకు దగ్గరగా ఉన్న జీజాలో జన్మించారు. తండ్రి రొట్టెలు కాల్చే భట్టీ పనివాడు. ఇంట్లో ఆస్తి లేదు, వెనుక అండ లేదు. అయినా ఆరవ ఏటనే చదువు మొదలుపెట్టారు. పదవ ఏట రాజధానికి చేరుకున్నారు. పద్నాలుగవ ఏట వైద్యం, తత్వశాస్త్రం చేపట్టారు. ఈ వివరాలన్నీ ఆయన తన 60వ ఏట దగ్గర పడుతుండగా స్వయంగా రాసుకున్న జీవిత కథలో ఉన్నాయి. 13వ శతాబ్దానికి చెందిన వైద్య చరిత్రకారుడు ఇబ్నె అబీ ఉసైబియా దానిని తన గ్రంథంలో చేర్చడం వల్ల అది మన దాకా వచ్చింది.

ఆ రోజుల్లో పేరున్న ఉస్తాదు దగ్గర వైద్యం నేర్చుకోవాలంటే డబ్బు కావాలి. ఇబ్నె రిజ్వాన్ దగ్గర డబ్బు లేదు. అందుకని పుస్తకాలనే ఉస్తాదులుగా చేసుకున్నారు. గ్రీకు వైద్యులు బుఖ్రాత్, జాలీనూస్‌ల గ్రంథాలను అరబీ అనువాదాలలో చదివారు. మన పెద్దలు యునానీ మందులు వాడేటప్పుడు ఈ రెండు పేర్లూ తరచుగా తలచుకునేవారు. చార్మినార్ పక్కనున్న యునానీ దవాఖానాలో నేటికీ సాగుతున్న వైద్యానికి మూలపురుషులు వారే.

కడుపు నింపుకోవడానికి ఆయన పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. కొంతకాలం వైద్యం చేశారు. కొంతకాలం చదువు చెప్పారు. కొంతకాలం బాట పక్కన కూర్చుని జాతకాలు చెప్పి నాలుగు నాణేలు సంపాదించుకున్నారు. జోస్యం ఇస్లామ్ సమ్మతించిన విద్య కాదు. మహనీయుల జీవితం చెప్పేటప్పుడు ఇలాంటి సంగతులను కప్పిపుచ్చడం మాకు ఇష్టం లేదు. ఆకలి ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది. అయితే ఆ పని కోసమే గ్రహాల నడకను, రాశుల స్థానాలను లెక్క కట్టడం ఆయనకు బాగా అలవాటైంది. ఆ అలవాటు ఒక రాత్రి ఎంతో పనికి వచ్చింది.

ఆ రాత్రి ఆయన చూసింది

నక్షత్రం కనిపించేనాటికి ఇబ్నె రిజ్వాన్ వయసు సుమారు 18 ఏళ్ళు. చదువు మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే దానిని చూశానని ఆయన చెప్పుకున్నారు. తరువాత ఎన్నో ఏళ్ళకు, గ్రీకు పండితుడు బత్లమ్యూస్ జ్యోతిష గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ ఆ వివరాలను అందులో చేర్చారు.

ఆయన చెప్పిన సారాంశం ఇది. ఆ నక్షత్రం వృశ్చికరాశి 15వ డిగ్రీలో కనిపించింది. ఆనాడు సూర్యుడు సరిగ్గా ఎదురుగా, వృషభరాశి 15వ డిగ్రీలో ఉన్నాడు. నక్షత్రం గుండ్రంగా, శుక్రుని కంటే రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దదిగా కనిపించింది. దాని వెలుగుతో దిగ్మండలం ప్రకాశించింది. అది బాగా మిణుకుమిణుకుమంటూ ఉంది. దాని కాంతి చంద్రుని కాంతిలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. తన రాశితోపాటే అది రోజూ ఉదయించి అస్తమించింది తప్ప, ఉన్నచోటు నుంచి కదలలేదు. సూర్యుడు కన్యారాశికి చేరి దానికి 60 డిగ్రీల దూరంలోకి వచ్చినప్పుడు ఒక్కసారిగా కనుమరుగైంది. అది కనిపించిన రోజున సూర్యచంద్రులు, మిగిలిన ఐదు గ్రహాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా ఆయన డిగ్రీలతో సహా రాశారు. ఇదంతా తాను స్వయంగా చూసిందనీ, తన కాలపు ఇతర విద్వాంసులు కూడా గమనించి ఇదే నిర్ధారణకు వచ్చారనీ చివరలో తెలియజేశారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇందులో ప్రతి మాటకూ ఒక ప్రయోజనం ఉంది. చోటు మారలేదని చెప్పడం వల్ల అది తోకచుక్క కాదని, గ్రహం కాదని తేలుతుంది. గ్రహాల స్థానాలు చెప్పడం వల్ల తేదీ తేలుతుంది. ఎందుకంటే ఆ గ్రహాలన్నీ అదే అమరికలో మళ్ళీ మళ్ళీ కలవవు. లెక్క వేసి చూసిన నేటి శాస్త్రవేత్తలకు 1006 ఏప్రిల్ 30 అనే తేదీ దొరికింది. శుక్రునితోనూ చంద్రునితోనూ పోల్చడం వల్ల కాంతి ఎంతో తేలుతుంది. దూరదర్శిని లేని కాలంలో, కంటిచూపు ఒక్కటే సాధనంగా ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

సాక్ష్యం నిలిచింది, జోస్యం నిలవలేదు

ఇబ్నె రిజ్వాన్ అక్కడితో ఆగి ఉంటే ఎంతో బాగుండేది. కాని ఆయన తన కాలపు మనిషి. ఆ నక్షత్రం వృశ్చికంలో పుట్టింది గనుక ముస్లిములకు కీడు కలిగిందనీ, యుద్ధాలు, కరువు, ధరల పెరుగుదల, అంటురోగాలు దాని వల్లనే వచ్చాయనీ రాశారు. అదే కాలంలో చైనాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి ప్రజలు కూడా మొదట బెదిరిపోయారు. అప్పుడు జౌ కెమింగ్ అనే రాజ జ్యోతిష్కుడు ముందుకు వచ్చి, ఇది రాజ్యానికి శుభాన్ని తెచ్చే తార అని చక్రవర్తికి విన్నవించాడు. ప్రజలు సంబరం చేసుకోవడానికి అనుమతి ఇవ్వమని కోరాడు. నక్షత్రం ఒక్కటే. ఒక దేశంలో కీడు, మరొక దేశంలో మేలు! రెండూ నిజం కావడం ఎలా సాధ్యం?

ఈ విషయంలో ముస్లిములకు మార్గం ఏనాడో స్పష్టమైపోయింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణానికి ఆకాశం కూడా దుఃఖించిందని జనం అనుకున్నారు. గుండె బరువెక్కి ఉన్న ఆ సమయంలోనూ ప్రవక్త (స) ఆ మాటను ఒప్పుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలేననీ, ఎవరి పుట్టుకకో చావుకో వాటికి గ్రహణం పట్టదనీ ప్రజలకు తెలియజెప్పారు. సొంత బిడ్డ విషయంలోనే ఆ నమ్మకాన్ని తోసిపుచ్చిన ప్రవక్త (స) అనుచరులమైన మనం, నక్షత్రాల వల్ల మంచి చెడులు వస్తాయని ఎలా నమ్మగలం?

ఇబ్నె రిజ్వాన్ రాసినవాటిలో జోస్యానికి ఈనాడు విలువ లేదు. కళ్ళతో చూసి రాసినది మాత్రం వెయ్యేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు.

పేదల హకీం

32వ ఏట ఆయన దశ తిరిగింది. వైద్యునిగా పేరు వచ్చింది. ఫాతిమీ ఖలీఫాల ఆస్థానంలో స్థానం దొరికింది. వైద్యులందరికీ పెద్దగా నియమితులయ్యారు. రొట్టెల భట్టీ ముందు పెరిగిన బాలుడు రాజధానిలో ఇళ్ళూ వాకిళ్ళూ సంపాదించుకున్నాడు.

వైద్యునికి ఉండవలసిన ఏడు లక్షణాలను ఆయన వివరించారు. శరీరమూ మనసూ ఆరోగ్యంగా ఉండాలి, మంచి బుద్ధి, జ్ఞాపకశక్తి ఉండాలి. శుభ్రమైన దుస్తులు ధరించాలి. రోగుల రహస్యాలు దాచాలి. ఫీజు మీద కంటే రోగం నయం చేయడం మీద ఎక్కువ ఆశ ఉండాలి, ధనికుని కంటే పేదవానికి వైద్యం చేయాలనే కోరిక ఎక్కువగా ఉండాలి. నేర్పడంలో, ప్రజలకు మేలు చేయడంలో ఉత్సాహం ఉండాలి. చూపు పవిత్రంగా ఉండాలి, రోగుల ఇళ్ళలో స్త్రీలనూ సొత్తునూ కన్నెత్తి చూడకూడదు. ప్రాణాల విషయంలో నమ్మదగినవాడై, ప్రాణం తీసే మందు ఎవరికీ ఇవ్వకూడదు, శత్రువుకైనా మిత్రునికి చేసినట్టే వైద్యం చేయాలి. ఈ రోజు మన పిల్లలను డాక్టర్లను చేయాలని ఎన్నో తిప్పలు పడుతున్న తల్లిదండ్రులు ఈ ఏడు మాటలనూ వారికి ఒకసారి వినిపిస్తే మంచిది.

కైరోలో ఉంటూ ఆయన ఈజిప్టు ప్రజల ఆరోగ్యం గురించి ఒక పుస్తకం రాశారు. ఈజిప్టుకు రాకుండానే అక్కడి గాలి నీళ్ళ గురించి రాసిన ఖైరవాన్ వైద్యుడు ఇబ్నుల్ జజ్జార్‌కు అది సమాధానం. తన దేశం మీద అభిమానం ఉన్నా లోపాలను దాచలేదు. ఫుస్తాత్ పాతబస్తీలో ఇరుకు సందులు, చచ్చిన పిల్లులనూ కుక్కలనూ వీధుల్లో పారవేయడం, హమ్మాముల పొయ్యిల పొగ, చెత్తా కళేబరాలూ నైలు నదిలో కలపడం, అదే నీళ్ళు తాగడం, అన్నీ ఎత్తిచూపారు. ఆకాశంలో నక్షత్రాన్ని చూసిన కన్నే వీధిలోని మురికినీ చూసింది.

తన దినచర్య గురించి కూడా రాసుకున్నారు. రోజూ శరీర వ్యాయామం, మితాహారం, శుభ్రమైన దుస్తులు, మితభాషణం, కష్టంలో ఉన్నవారికి సాయం. ఇక మనసుకు విశ్రాంతి అంటారా? భూమ్యాకాశాల సామ్రాజ్యాన్ని చూస్తూ అల్లాహ్‌ను స్మరించడమే తనకు విహారమని చెప్పుకున్నారు.

నోటి దురుసు, చివరి దుఃఖం

ఇంతటి విద్వాంసునికీ ఒక లోపం ఉంది. అది నోటి దురుసు. తనకు ముందు తరాల పెద్ద వైద్యులైన హునైన్ ఇబ్నె ఇస్‌హాక్‌నూ, రాజీనీ కూడా వదలకుండా విమర్శించారు. 1049లో బగ్దాదు నుంచి ఇబ్నె బుత్లాన్ అనే క్రైస్తవ వైద్యుడు కైరోకు వచ్చాడు. కోడిపిల్లకు వేడి గుణం ఎక్కువా, ఇతర పక్షిపిల్లలకు ఎక్కువా అన్న చిన్న ప్రశ్న మీద ఇద్దరికీ వాదం మొదలైంది. అది ముదిరి పెద్ద కలహమైంది. పుస్తకాలు చదివి వైద్యుడైన వానికీ ఉస్తాదు దగ్గర నేర్చుకున్న వానికీ తేడా ఉందని ఇబ్నె బుత్లాన్ ఏడు కారణాలు చూపాడు. ఆ మాట ఇబ్నె రిజ్వాన్‌కు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఉస్తాదు వద్దని ఆయన అనుకోలేదు, ఉస్తాదుకు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేకపోయింది. ప్రత్యర్థి ఆయన నల్లని రూపాన్ని కూడా ఎగతాళి చేశాడు. వైద్యునికి అందమైన ముఖం అవసరం లేదని ఇబ్నె రిజ్వాన్ బదులు రాశారు. చివరకు ఇబ్నె బుత్లాన్ కోపంతో ఈజిప్టు విడిచి వెళ్ళాడు.

ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే ఈజిప్టును ఘోరమైన కరువు చుట్టుముట్టింది. ఇబ్నె రిజ్వాన్ ఒక అనాథ బాలికను తెచ్చి తన ఇంట్లో పెంచుకున్నారు. ఒకనాడు ఆమె ఇంట్లోని విలువైన వస్తువులనూ, సుమారు 20,000 బంగారు దీనార్లనూ తీసుకుని వెళ్ళిపోయింది. ఎంత వెతికించినా జాడ దొరకలేదు. ఆ దెబ్బకు ఆయన మనసు చెదిరిపోయింది. అనాథను ఆదరించడం గొప్ప పుణ్యకార్యం. ఆ పుణ్యం ఎక్కడికీ పోదు. కాని జీవితమంతా కష్టపడి కూడబెట్టిన సంపద ఒక్క రోజులో పోయింది. 1061 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు.

959 ఏళ్ళ తరువాత

ఆయన గ్రంథాలు మాత్రం దేశాలు దాటాయి. జాలీనూస్ వైద్య గ్రంథానికి ఆయన రాసిన వ్యాఖ్యానం లాటిన్ భాషలోకి వెళ్ళి యూరప్ విశ్వవిద్యాలయాలలో పాఠమైంది. బత్లమ్యూస్ గ్రంథ వ్యాఖ్యానమూ లాటిన్‌లోకి వెళ్ళింది. నక్షత్రం సంగతి అందులోనే నిద్రపోతూ ఉండిపోయింది.

1965లో బెర్నార్డ్ గోల్డ్‌స్టీన్ అనే పండితుడు ఇబ్నె రిజ్వాన్ మాటలను, ఇతర అరబీ రచనలను బయటకు తీసి, అది సూపర్ నోవా అని వివరించాడు. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుతో గార్డనర్, మిల్న్ అనే శాస్త్రవేత్తలు ఆ నక్షత్రం వెలిసిన ప్రాంతంలో దాని శిథిలాలను గుర్తించారు. పేలిపోయిన నక్షత్రం నుంచి చిమ్మిన పదార్థం అక్కడ ఒక బుడగలా విస్తరిస్తూ ఉంది. ఆకాశంలో దాని వెడల్పు ఇప్పుడు నిండు చంద్రునంత. దూరం సుమారు 7,200 కాంతి సంవత్సరాలు. అంటే ఇబ్నె రిజ్వాన్ కంట పడిన వెలుగు అంతకు ఏడువేల ఏళ్ళకు పైగా ముందే బయలుదేరింది! మానవ చరిత్రలో నమోదైన నక్షత్రాలన్నింటిలోకీ అత్యంత ప్రకాశవంతమైనది ఇదేనని ఖగోళ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

సూపర్ నోవాలు అన్నీ ఒక్క రకం కావు. వాటి కాంతిని రంగులుగా విడదీసి, హైడ్రోజన్ వాయువు గుర్తు ఉందా లేదా అని చూసి, 1941లో మింకోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త రెండు తరగతులుగా విభజించాడు. గుర్తు లేనివి మొదటి తరగతి, ఉన్నవి రెండవ తరగతి. ఇంధనం అయిపోయి, భూమి అంత పరిమాణానికి కుంచించుకుపోయిన నక్షత్రాన్ని తెల్ల మరుగుజ్జు అంటారు. అది పేలితే వచ్చేది మొదటి తరగతిలోని ఒకటి-ఏ రకం. 1006 నాటి నక్షత్రం ఈ రకానిదేనని నేటి నిర్ణయం. అది పాలపుంత తలానికి దూరంగా, బరువైన యువ నక్షత్రాలు లేని చోట ఉండటం, పేలుడు తరువాత అక్కడ న్యూట్రాన్ నక్షత్రం మిగలకపోవడం ఈ నిర్ణయానికి ఆధారాలు. 2012లో శాస్త్రవేత్తలు అక్కడ తోడు నక్షత్రం కోసం వెతికారు. ఏదీ దొరకలేదు. కాబట్టి రెండు తెల్ల మరుగుజ్జులు ఒకటై పేలిపోయి ఉండవచ్చని భావించారు.

ఒకటి-ఏ రకం నక్షత్రాల అసలు కాంతి ఎంతో లెక్క కట్టవచ్చు. అది ఎంత మసకగా కనిపిస్తే అంత దూరంలో ఉన్నట్టు. అందుకని వేధశాలలు సుదూర గెలాక్సీలను మళ్ళీ మళ్ళీ ఫొటో తీసి, నిన్న లేని చుక్క ఈరోజు ఉందేమో పోల్చి చూస్తాయి. దొరికిన చుక్క కాంతిని విడదీసి ఏ రకమో తేలుస్తాయి. ఇలాంటి నక్షత్రాల సాయంతోనే 1998లో రెండు బృందాలు విశ్వం నానాటికీ వేగం పెంచుకుంటూ విస్తరిస్తోందని కనుగొన్నాయి. ఆ పనికి 2011లో నోబెల్ బహుమతి లభించింది. ఆ నక్షత్రాలన్నీ ఎంతో దూరంలో ఉన్నాయి. ఆ జాతి నక్షత్రం మన పాలపుంతలోనే పేలినప్పుడు ఎలా ఉంటుందో చెప్పిన అతి కొద్దిమంది సాక్షులలో ఇబ్నె రిజ్వాన్ ముందు వరుసలో ఉన్నారు.

మనకు మిగిలిన పాఠం

ఒక్కసారి ఆయన జీవితాన్ని తూకం వేసి చూద్దాం. పదవి పోయింది. 20,000 దీనార్లు ఒక్క రోజులో పోయాయి. వాదాలలో గెలిచిన గెలుపును ఎవరూ గుర్తుంచుకోలేదు. నక్షత్రం పేరుతో చెప్పిన జోస్యం కొట్టుకుపోయింది. నిలిచింది పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో నిజాయితీగా చూసి, పెంచకుండా తగ్గించకుండా రాసిన ఆ కొద్ది వాక్యాలే. మనిషి చనిపోయిన తరువాత కూడా ఫలం ఇస్తూ ఉండే మూడింటిలో, ప్రజలకు ప్రయోజనపడే జ్ఞానం ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. దానికి ఇంతకంటే ఉదాహరణ కావాలా?

దివ్యఖుర్ఆన్ ఆకాశాలను పరిశీలించమంటుంది. తనకే నష్టమైనా సరే, సాక్ష్యం న్యాయంగా ఇవ్వమంటుంది. ఈ రెండు ఆజ్ఞలను మనం వేరువేరుగా చదువుతాం. ఇబ్నె రిజ్వాన్ రాసిన ఆ నాలుగు వాక్యాలలో అవి రెండూ ఒక్కచోట కలిశాయి. చూడటం ఒక ఇబాదత్ అయితే, చూసింది చూసినట్టు చెప్పడం ఒక అమానత్.

మన ఇళ్ళలో కూడా రొట్టెల భట్టీ దగ్గర, సైకిల్ షాపులో, టైలర్ మెషీను పక్కన కూర్చుని చదువుకునే పిల్లలు ఉన్నారు. ట్యూషన్‌కు డబ్బు లేని పిల్లలు ఉన్నారు. ఇషా నమాజు తరువాత వారిని ఒకసారి మేడమీదికి తీసుకువెళ్ళండి. ఖిబ్లా ఎటో, ఉత్తరం ఎటో, వృశ్చికం ఎక్కడో చూపించండి. చూసింది నోటు పుస్తకంలో తేదీ వేసి రాయమనండి. అతిశయోక్తి లేకుండా రాయమనండి.

సత్యాన్ని చూసే కన్నునూ, చూసిన సత్యాన్ని చెప్పే నాలుకనూ అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక! ఆమీన్.